మూల దగ్గర ఫీడు ఎవరు తగ్గించాలి?

మా మెషిన్ షాపులో కొత్త మెషినింగ్ సెంటర్ (ప్రోగ్రాముతో నడిచే మిల్లింగ్ మెషిన్) దిగిన మొదటి వారంలోనే, నాలుగేళ్ళుగా పాత మెషిన్ మీద ఏ ఇబ్బందీ లేకుండా నడుస్తున్న ఒక ప్రోగ్రామును దాని మీదికి ఎక్కించాము. పీ20 స్టీలు దిమ్మలో 100 మిల్లీమీటర్ల పొడవు, 60 వెడల్పు, 20 లోతు ఉన్న పాకెట్, అంటే గుంట, అది. 10 మిల్లీమీటర్ల వ్యాసం, నాలుగు పళ్ళు ఉన్న కార్బైడ్ ఎండ్‌మిల్ (తిరుగుతూ లోహాన్ని కోసే టూలు), నిమిషానికి 6000 చుట్లు, నిమిషానికి 2000 మిల్లీమీటర్ల ఫీడు (టూలు ముందుకు కదిలే వేగం), 1 మిల్లీమీటరు స్టెప్‌ఓవర్ (ఒక్కో చుట్టుకు టూలు పక్కకు జరిగే దూరం). మెటీరియల్ మారలేదు, టూలు మారలేదు, ప్రోగ్రాములో ఒక్క అక్షరం మారలేదు. పాకెట్ నడుమ నుంచి చుట్లు చుట్టుకుంటూ బయటికి వస్తున్న టూలు మూడో చుట్టులో ఒక మూల దగ్గర కీచుమని అరిచి, షాంక్ (టూలు కాడ) దగ్గర తెగిపోయింది. టూలును పట్టుకునే కోలెట్ మార్చి, రనౌట్ (తిరిగేటప్పుడు టూలు పక్కకు ఊగడం) చూసి, కూలెంట్ నాజిల్ సర్ది రెండో టూలు పెట్టాము. అది కూడా మూలలోనే పోయింది.

ఆ రోజు మెషిన్ దగ్గర నిలబడిన కుర్రవాడు మంచి ఆపరేటర్. చెయ్యి ఫీడును పెంచి తగ్గించే ఓవర్‌రైడ్ నాబ్ మీదే ఉంచుకుని చూస్తున్నాడు. "సార్, తగ్గిద్దామనుకునేలోపే అయిపోయింది" అన్నాడు. అతని మీద కోపం తెచ్చుకోవడానికి ఏమీ లేదని నాకు ఆ సాయంత్రం కాగితం, పెన్సిలు ముందు పెట్టుకుని లెక్క వేసినప్పుడు తెలిసింది. ఈ వ్యాసం ఆ లెక్క గురించి, దాని నుంచి నాకు గట్టిగా కలిగిన ఒక అభిప్రాయం గురించి. మూలలో ఫీడు ఎంత ఉండాలో నిర్ణయించవలసినవాడు ప్రోగ్రామరే. దాన్ని ఆపరేటర్ చేతికి వదలకూడదు, మెషిన్‌ను నడిపే కంట్రోలర్ చూసుకుంటుందనీ వదలకూడదు, మూలలకు భయపడి ప్రోగ్రాము మొత్తం ఫీడును తగ్గించి చేతులు దులుపుకోకూడదు.

ముందుగా మూలలో జరిగేది ఏమిటో చూడాలి. 10 మిల్లీమీటర్ల టూలు 1 మిల్లీమీటరు స్టెప్‌ఓవర్‌తో సూటి గోడ వెంట వెళుతున్నప్పుడు దాని చుట్టుకొలతలో లోహాన్ని పట్టుకుని ఉండేది సుమారు 37 డిగ్రీల భాగమే. నాలుగు పళ్ళున్న టూలులో పంటికీ పంటికీ మధ్య 90 డిగ్రీలు ఉంటుంది కాబట్టి, టూలు మీద ఏ ఒక్క ఎత్తు దగ్గర చూసినా ఎక్కువ సమయం ఏ పన్నూ కోతలో ఉండదు. ఒక పన్ను వచ్చి కొద్దిగా గీసి వెళ్ళిపోతుంది, కాస్త విరామం తరువాత మరొకటి వస్తుంది. ఇదే టూలు 90 డిగ్రీల లోపలి మూలకు చేరినప్పుడు, ఆ మూల రేడియస్ కూడా టూలు రేడియస్ లాగే 5 మిల్లీమీటర్లయితే, పక్కనున్న గోడకు ఎదురుగా ఉన్న గోడ తోడవుతుంది. 37కు ఒక పూర్తి 90 కలిసి ఎంగేజ్‌మెంట్, అంటే లోహాన్ని పట్టుకున్న కోణం, 127 డిగ్రీలు అవుతుంది. అప్పటివరకు విరామం తీసుకుంటూ పనిచేసిన పళ్ళలో ఇప్పుడు కనీసం ఒకటి ఎప్పుడూ లోహంలో ఉంటుంది, కొన్ని క్షణాలు రెండు కలిసి ఉంటాయి.

కోణాలకంటే మిల్లీమీటర్లలో చెబితే ఇది మరింత స్పష్టంగా కనిపిస్తుంది. టూలు ముందుకు కదిలే దిశకు అడ్డంగా దాని ఎదుట ఎంత వెడల్పు లోహం ఉందో కొలిస్తే, సూటి గోడ దగ్గర అది 1 మిల్లీమీటరు. మూలలో టూలు తిరగబోయే ఆఖరి క్షణంలో అదే కొలత 8 మిల్లీమీటర్లు. మనం స్క్రీన్ మీద స్టెప్‌ఓవర్ 1 అని నింపిన ప్రోగ్రాము ప్రతి మూలలోనూ ఒక క్షణం పాటు 8 మిల్లీమీటర్ల స్టెప్‌ఓవర్‌తో, 20 మిల్లీమీటర్ల పూర్తి లోతుతో, ఏమాత్రం తగ్గని 2000 ఫీడుతో లోహాన్ని కోస్తోంది. ఈ సంఖ్యలను టూలు కేటలాగు ముందు పెట్టి అడిగితే ఏ అనుభవజ్ఞుడూ ఒప్పుకోడు. మూల మాటున ఉన్నాయి కాబట్టి రోజూ ఒప్పుకుంటున్నాము.

దీనికి తోడు చిప్పు (కోతలో ఊడివచ్చే లోహపు తునక) మందం సంగతి ఒకటుంది. స్టెప్‌ఓవర్ టూలు వ్యాసంలో పదో వంతు ఉన్నప్పుడు ఒక పన్ను తీసే చిప్పు గరిష్ఠ మందం, పంటికి ఇచ్చిన ఫీడులో 60 శాతమే ఉంటుంది. మన ఫీడు పంటికి 0.083 మిల్లీమీటర్లు, చిప్పు మందం 0.05 మాత్రమే. కోత పలుచగా ఉంది కదా అని ఫీడును పెంచి రాయడం మంచి ప్రోగ్రామరు చేసే పనే, ఈ 2000 అలా వచ్చిన అంకే. అయితే ఎంగేజ్‌మెంట్ 90 డిగ్రీలు దాటిన చోట ఆ పలుచదనం ఉండదు. పంటికి ఇచ్చిన 0.083 మొత్తం చిప్పుగా వస్తుంది. సూటి కోతలో తెలివిగా పెంచుకున్న ఫీడే మూలలో టూలు మీద భారమవుతుంది. ఫీడును పెంచే పాఠం అందరూ చెబుతారు, ఆ పెంచినదాన్ని మూలలో వెనక్కి తీసుకోవాలన్న రెండో సగం చాలాసార్లు చెప్పకుండా మిగిలిపోతుంది.

ఇక ఆ కుర్రవాడి మాట. ఈ పెరుగుదల గరిష్ఠానికి చేరేది మూలకు ముందున్న ఆఖరి 1 మిల్లీమీటరులోనే. 2000 ఫీడులో ఆ మిల్లీమీటరు దాటడానికి పట్టే సమయం 30 మిల్లీసెకన్లు. ఆ వ్యవధిలో స్పిండిల్ (టూలును తిప్పే ఇరుసు) 3 చుట్లు తిరుగుతుంది, 12 సార్లు పళ్ళు లోహాన్ని తాకుతాయి. చెవికి శబ్దం చేరి, మనసు దాన్ని గుర్తించి, చెయ్యి నాబును తిప్పేలోపు టూలు మూల దాటి అవతలి గోడ వెంట చాలా దూరం వెళ్ళిపోయి ఉంటుంది, లేదా విరిగి ఉంటుంది. స్పిండిల్ లోడ్ మీటరును చూసి నిర్ణయిద్దామనుకున్నా అంతే. ఇంత తక్కువ సేపటి పోటును అది చూపించదు. కాబట్టి నాబు పట్టుకున్న ఆపరేటర్‌కు సాధ్యమయ్యేది ఒక్కటే: ముందుజాగ్రత్తగా ఫీడును 40 శాతానికో 30 శాతానికో తగ్గించి, అలాగే వదిలేయడం. షిఫ్టు ముగిసేసరికి టూలు నిలుస్తుంది, జాబ్‌లు తగ్గుతాయి, సూపర్‌వైజరు వచ్చి నాబును మళ్ళీ 100కు తిప్పుతాడు, టూలు విరుగుతుంది, ఆపరేటర్ మాట పడతాడు. హైదరాబాద్ బాలానగర్‌లో నేను పనిచేసిన ప్రతి షాపులోనూ ఈ తగువు చూశాను. అది ఇద్దరు మనుషుల మధ్య తగువు కాదు, ప్రోగ్రాములో రాయని ఒక అంకె తెచ్చిన తగువు.

చేతి మిల్లింగ్ మెషిన్ మీద పని నేర్చుకున్న పెద్దవారికి ఈ సమస్య ఉండేది కాదు. చక్రం వాళ్ళ చేతిలో ఉండేది. మూల దగ్గరికి వచ్చేసరికి చక్రం బరువెక్కుతుంది, చెయ్యి దానంతట అదే నెమ్మదిస్తుంది. 1952లో అమెరికాలోని ఎంఐటీ ప్రయోగశాల అంకెలతో నడిచే మిల్లింగ్ మెషిన్‌ను ప్రదర్శించిన నాటినుంచి ఆ చక్రాన్ని మోటారు తిప్పుతోంది. మోటారుకు బరువు తెలియదు, ఇచ్చిన వేగాన్ని నిలబెట్టడమే దాని పని. చేతికి తెలిసిన ఆ నెమ్మది మెషిన్‌లోకి రావాలంటే ప్రోగ్రాములో ఫీడును సూచించే ఎఫ్ అక్షరం పక్కన అంకెగా మాత్రమే రాగలదు. దాన్ని రాయకపోతే ఆ పనివాడి అనుభవంలో ఒక ముఖ్యమైన భాగాన్ని మనం పారేసినట్టే.

సరే, మరి పాత మెషిన్ మీద నాలుగేళ్ళు ఎలా నడిచింది? రెండు టూళ్ళు పోయిన రోజున అందరూ నన్ను అడిగిన ప్రశ్న ఇదే. కొత్త మెషిన్‌లో లోపం ఉందని సగం మంది తేల్చేశారు. జవాబు మెషిన్ లోపంలో లేదు, పాత మెషిన్ మందకొడితనంలో ఉంది. ఆ తరం సర్వో మోటార్లలో యాక్సిస్ (మెషిన్ కదిలే ఒక్కో దిశ) ఎప్పుడూ ఆజ్ఞకు కొంత వెనకబడి నడుస్తుంది. ఎంత వెనకబడుతుందో నిర్ణయించే పొజిషన్ లూప్ గెయిన్ సెకనుకు 30 ఉండటం సాధారణం. 2000 ఫీడు అంటే సెకనుకు 33 మిల్లీమీటర్లు. 33ను 30తో భాగిస్తే వెనకబాటు సుమారు 1.1 మిల్లీమీటర్లు. మూలల్లో ఆగకుండా నడిపే జీ64 మోడ్‌లో కంట్రోలర్ ఎక్స్ యాక్సిస్‌కు మూల వచ్చిందని చెప్పి వై యాక్సిస్‌ను కదిలించడం మొదలుపెట్టే సమయానికి టూలు ఇంకా మూలకు 1.1 మిల్లీమీటర్ల దూరంలోనే ఉంటుంది. అక్కడినుంచి ఎక్స్ నెమ్మదిస్తూ, వై వేగం పుంజుకుంటూ, టూలు మూలను గుండ్రంగా కోసుకుంటూ వెళుతుంది. అసలు ప్రమాదం ఉన్నది ఆఖరి 1 మిల్లీమీటరులో. పాత మెషిన్ తన బద్ధకంతో నెమ్మదించినది సరిగ్గా ఆ మిల్లీమీటరులోనే. మూలను అది పూర్తిగా చేరనే లేదు. మిగిలిన కాస్త లోహాన్ని, ఆఖరున గోడలను నునుపుగా కోసే ఫినిషింగ్ టూలు నాలుగేళ్ళుగా మోస్తూ వచ్చింది.

కొత్త మెషిన్‌లో ఈ వెనకబాటును ముందే సరిచేసే ఫీడ్‌ఫార్వర్డ్ ఉంది, రాబోయే దారిని ముందే చదివే లుక్-అహెడ్ ఉంది, యాక్సిస్ త్వరణం సెకను వర్గానికి 5 మీటర్ల స్థాయిలో ఉంది. అంత త్వరణం ఉన్న మెషిన్ 2000 ఫీడు నుంచి పూర్తిగా ఆగడానికి కావలసిన దూరం 0.11 మిల్లీమీటర్లు. అంటే అది మూలకు పదో వంతు మిల్లీమీటరు ముందువరకు పూర్తి వేగంతో వెళ్ళగలదు, వెళుతుంది. అప్పటికే ఎంగేజ్‌మెంట్ దాదాపు గరిష్ఠానికి చేరి ఉంటుంది. మంచి మెషిన్ కొన్నందుకు టూళ్ళు విరిగాయని మొదట బాధపడ్డాము. నిజానికి మా ప్రోగ్రాములో మొదటినుంచీ ఉన్న తప్పును మంచి మెషిన్ బయటపెట్టింది.

"మూలలో మెషినే స్లో అవుతుంది కదా" అనే వారికి నా సమాధానం ఈ అనుభవంలోనే ఉంది. కంట్రోలర్ మూలలో నెమ్మదించే మాట నిజం. కానీ అది చూసుకునేది తన యాక్సిస్‌లను, తన బాల్‌స్క్రూలను, దారి తప్పకుండా ఉండవలసిన కచ్చితత్వాన్ని. టూలు ఎదుట ఎంత లోహం ఉందో దానికి తెలిసే మార్గం లేదు. గాలిలో తిరిగే మూలకూ స్టీలులో తిరిగే మూలకూ అది ఒకే విధంగా నెమ్మదిస్తుంది. మెషిన్ ఎంత చురుకైనదైతే అంత తక్కువ నెమ్మదిస్తుంది కాబట్టి, టూలు రక్షణను దానికి అప్పగించినవారు మెషిన్ మారిన ప్రతిసారీ మళ్ళీ టూళ్ళు విరగ్గొట్టుకోవలసి వస్తుంది.

కంట్రోలర్లలో ఇందుకోసమే ఇచ్చిన సౌకర్యాలు లేకపోలేదు. ఫానుక్ కంపెనీ కంట్రోలర్‌లో జీ62 ఆటోమేటిక్ కార్నర్ ఓవర్‌రైడ్ ఉంది: లోపలి మూల కోణం పారామీటర్లో ఇచ్చిన హద్దుకు లోబడి ఉంటే, మూలకు ముందు కొంత దూరం, తరువాత కొంత దూరం ఫీడును ఇచ్చిన శాతానికి తగ్గిస్తుంది. సీమెన్స్‌లో సీఎఫ్‌సీ, సీఎఫ్ఐఎన్ అనే ఆజ్ఞలు, హైడెన్‌హైన్‌లో ఎం109, ఎం110 ఉన్నాయి. ఇవి వంపుల్లో టూలు కేంద్రం వేగాన్ని కాక అంచు వేగాన్ని స్థిరంగా ఉంచుతాయి. నేను వీటిని గౌరవిస్తాను, వాడతాను. కానీ జీ62 పనిచేసేది జీ41 లేదా జీ42 రేడియస్ కాంపెన్సేషన్ (టూలు రేడియస్ మేరకు దారిని కంట్రోలరే పక్కకు జరపడం) అమలులో ఉన్నప్పుడు మాత్రమే. ఇప్పుడు మన షాపులలో రఫింగ్ (మొదటి విడత ముతక కోత) ప్రోగ్రాములు దాదాపు అన్నీ టూలు దారిని లెక్కగట్టే క్యామ్ సాఫ్ట్‌వేర్ నుంచి వస్తున్నాయి, అవి టూలు కేంద్రం నడిచే దారిని జీ40లోనే, అంటే కాంపెన్సేషన్ లేకుండానే, రాసి ఇస్తాయి. కాంపెన్సేషన్ లేని ప్రోగ్రాములో పైన జీ62 రాసి ధైర్యంగా ఉన్నవారిని నేను చూశాను. ఆ ప్రోగ్రాములో దానికి చేయడానికి పనే లేదు.

అంచు వేగం మాట వచ్చింది కాబట్టి దాన్ని కొంచెం వివరించాలి, ఎందుకంటే మూల రేడియస్ టూలు రేడియస్‌కంటే పెద్దదిగా ఉన్నప్పుడు అసలు లెక్క ఇదే. ఎఫ్ పక్కన మనం రాసేది టూలు కేంద్రం వేగం. లోపలి వంపులో కేంద్రం చిన్న వలయంలో తిరుగుతుంటే గోడను తాకే అంచు పెద్ద వలయంలో పరుగెత్తుతుంది. మూల రేడియస్ 8, టూలు రేడియస్ 5 అయితే కేంద్రం నడిచేది 3 మిల్లీమీటర్ల వంపులో. గోడ మీద 2000 ఫీడు కావాలంటే కేంద్రానికి 2000లో ఎనిమిదింట మూడు వంతులు, అంటే 750 ఇవ్వాలి. మూల రేడియస్ 6 అయితే కేంద్రం 1 మిల్లీమీటరు వంపులో తిరుగుతుంది, ఇవ్వవలసింది ఆరో వంతు, సుమారు 333. బయటి వంపుల్లో ఇది తిరగబడి కేంద్రానికి ఎక్కువ ఫీడు కావలసి వస్తుంది. బయట పెంచకుండా లోపల మాత్రమే తగ్గించే సీఎఫ్ఐఎన్, ఎం110లను నేను ఇష్టపడటానికి కారణం, బయటి వంపులో పోగొట్టుకునే రెండు సెకన్ల కోసం ఫీడు పెంచే ధైర్యం నాకు అవసరం అనిపించకపోవడం.

ఇక ఎంత తగ్గించాలన్న ప్రశ్న. ఇక్కడ అంకెలు ఒకే మాట చెప్పవు. చిప్పు మందాన్ని సూటి కోతలో ఉన్నట్టే 0.05 దగ్గర ఉంచాలంటే ఫీడును 60 శాతానికి, అంటే 1200కు తగ్గిస్తే చాలు. తీసే లోహం పరిమాణాన్ని స్థిరంగా ఉంచాలంటే 8 రెట్లు పెరిగిన వెడల్పుకు ఎనిమిదో వంతు ఫీడు, అంటే 250 కావాలి. మొదటిది పంటిని మాత్రమే చూస్తుంది, టూలు మొత్తం వంగే బలాన్ని చూడదు. రెండోది బలాన్ని చూస్తుంది కానీ పంటికి 0.01 మిల్లీమీటరు మాత్రమే మిగులుస్తుంది. ఎంత పదునైన కార్బైడ్ అంచుకైనా కొన్ని మైక్రాన్ల గుండ్రదనం ఉంటుంది కాబట్టి, అంత పలుచని చిప్పును అది కోయడం మాని రుద్దడం మొదలుపెడుతుంది. రుద్దిన చోట వేడి పుడుతుంది, అంచు అరుగుతుంది. స్టెయిన్‌లెస్ స్టీలులోనైతే ఆ పొర గట్టిపడి తరువాతి పంటికి మరింత కష్టం తెస్తుంది. ఈ జాబ్‌కు నేను 600 పెట్టాను. పంటికి 0.025 మిల్లీమీటర్లు. రెండు హద్దుల మధ్య ఎక్కడ నిలబడాలన్నది టూలు ఎంత పొడుగు బయటికి ఉంది, హోల్డర్ ఎంత గట్టిగా పట్టింది, మెటీరియల్ ఏమిటి అన్నవాటిని చూసి ప్రోగ్రామరు తీసుకోవలసిన నిర్ణయం. నేను పెట్టిన 600 మరొకరికి 450 కావచ్చు, 800 కావచ్చు. ఏ అంకె పెట్టినా దానికి కారణం చెప్పగలగాలి, అంతవరకే నేను పట్టుబడతాను.

టైము పెరుగుతుందనే అభ్యంతరానికి లెక్కతోనే జవాబిస్తాను. ఈ పాకెట్‌లో టూలు కేంద్రం సుమారు 25 చుట్లలో మొత్తం 4600 మిల్లీమీటర్లు నడుస్తుంది. 2000 ఫీడులో అది 2 నిమిషాల 18 సెకన్లు. 25 చుట్లకు 100 మూలలు. ప్రతి మూలకు ముందు 2 మిల్లీమీటర్ల దూరం 600 ఫీడులో నడిపితే ఒక్కో మూలకు అదనంగా పట్టేది 0.14 సెకన్లు, అన్నీ కలిపి 14 సెకన్లు. మొత్తం 2 నిమిషాల 32 సెకన్లు. మూలలకు భయపడి ప్రోగ్రాము మొత్తాన్నీ 600లో నడిపితే 7 నిమిషాల 40 సెకన్లు. రోజుకు పదుల కొద్దీ పాకెట్లు కోసే షాపులో ఈ తేడా ఎంత అవుతుందో యజమానులు వేసుకోగలరు. 14 సెకన్లు పెట్టనందుకు 5 నిమిషాలు పోగొట్టుకుంటున్న షాపులు మా వీధిలోనే ఉన్నాయని చెప్పడానికి నాకు బాధగా ఉంటుంది, ఎందుకంటే అక్కడి వారంతా కష్టపడి పనిచేసేవారే.

ఫీడు తగ్గించడమే అన్నిటికీ మందు అని మాత్రం నేను అనను. అసలు మూలను మూలగా ఉంచకపోవడం దానికంటే మంచి పని. కేంద్రం నడిచే దారి పదునుగా తిరగకుండా, 3 మిల్లీమీటర్ల వంపులో తిరిగేలా రఫింగ్ దారి గీస్తే, దాని ముందు చుట్టు కూడా ఆ వంపు కేంద్రం నుంచే గీసినదైతే, ఎంగేజ్‌మెంట్ 127 బదులు 60 డిగ్రీల దగ్గర ఆగిపోతుంది. 1 మిల్లీమీటరు వంపు ఇస్తే 96 డిగ్రీలు. ఆ మూలలో మిగిలిపోయే లోహాన్ని తరువాత 6 లేదా 8 మిల్లీమీటర్ల టూలుతో తీసుకోవచ్చు, లేదా ముందే మూలలో నిలువుగా డ్రిల్లుతో తీసేయవచ్చు. ఇప్పటి క్యామ్ సాఫ్ట్‌వేర్లలో అడాప్టివ్ అనే పేరుతో వచ్చే దారులు ఈ పనినే ఇంకా నేర్పుగా చేస్తాయి. ఎంగేజ్‌మెంట్ ఒక హద్దు దాటకుండా మూలను చిన్న చిన్న వంపులుగా నమిలి తింటాయి. వాటిని వాడగలిగిన చోట రఫింగ్‌లో మూల ఫీడు గురించి ఆలోచించవలసిన అవసరం చాలావరకు పోతుంది. ఈ మాట చెప్పకపోతే నా వాదన నిజాయితీగా ఉండదు.

అయితే అడాప్టివ్ వచ్చింది కాబట్టి ఈ చర్చే పాతబడిందని అనేవారితో నేను ఏకీభవించను. మా దగ్గర ఏళ్ళ తరబడి రిపీట్ ఆర్డర్లు వచ్చే జాబ్‌లు ఉన్నాయి. వాటి ప్రోగ్రాములు కస్టమర్ ఆమోదించినవి, దారి మార్చితే మళ్ళీ మొదటి ముక్కను తనిఖీ చేయించి ఆమోదం తెచ్చుకోవాలి. కంట్రోలర్ ముందు నిలబడి మాక్రోతో (చిన్న లెక్కల ప్రోగ్రాముతో) పాకెట్ రాసే పని ఇంకా ఉంది. అన్నిటికీ మించి ఫినిషింగ్ ఉంది. రఫింగ్ ఎంత నేర్పుగా చేసినా, ఫినిషింగ్ టూలు గోడ వెంట వచ్చి ఆఖరికి ఆ మూలలోకి వెళ్ళక తప్పదు. రఫింగ్ టూలు వ్యాసం పెద్దది కాబట్టి మూలలో మిగిలిన లోహం గోడ మీద మిగిలినదానికంటే ఎన్నో రెట్లు ఎక్కువ. గోడంతా 0.2 మిల్లీమీటర్లు తీస్తూ వచ్చిన టూలు మూలలో ఒక్కసారిగా మిల్లీమీటర్ల లోహాన్ని ఎదుర్కొంటుంది, వంగుతుంది, వణుకుతుంది. ఆ వణుకు గీతలు పాలిష్ చేసేవారి దగ్గరికి వెళతాయి. అచ్చు పనిలో ఒక మూలలోని చాటర్ (వణుకు) గీతలు పోగొట్టడానికి ఒక మనిషి రాయి పట్టుకుని గంటలు కూర్చోవడం నేను చూశాను.

ఫినిషింగ్ మూలలో మరొక తప్పు కూడా జరుగుతుంది, అది ఎక్కువ జాగ్రత్త వల్ల జరిగేది. మూల కచ్చితంగా రావాలని జీ61 లేదా జీ09 పెట్టి టూలును మూలలో పూర్తిగా ఆపుతారు. కోత బలానికి గోడ నుంచి కొద్దిగా వంగి ఉన్న టూలు, ఫీడు ఆగగానే బలం తగ్గి తన స్థానానికి తిరిగి వస్తుంది. తిరుగుతూనే తిరిగి వస్తుంది కాబట్టి గోడను కొన్ని మైక్రాన్లు తినేస్తుంది. వేలి గోరుతో తడిమితే తగిలే నిలువు గీత అదే. మూలలో నెమ్మదించడం వేరు, ఆగడం వేరు. అందుకే నేను ఫినిషింగ్ టూలు రేడియస్‌ను మూల రేడియస్‌కంటే తప్పకుండా చిన్నదిగా ఎంచుకుంటాను. 5 మిల్లీమీటర్ల మూలకు 8 మిల్లీమీటర్ల టూలు తీసుకుంటే కేంద్రం 1 మిల్లీమీటరు వంపులో ఆగకుండా నడుస్తుంది. గోడ మీద కావలసిన ఫీడులో ఐదో వంతు కేంద్రానికి ఇస్తే గోడ మీద గీతల దూరం సూటి భాగంలో ఉన్నట్టే వస్తుంది. టూలు సన్నబడిన కొద్దీ వంగడం దాని వ్యాసం నాలుగో ఘాతం లెక్కన పెరుగుతుందని మరవకూడదు. 10కి బదులు 8 వాడితే అదే బలానికి దాదాపు రెండున్నర రెట్లు వంగుతుంది. కాబట్టి ముందుగా మూలలోని లోహాన్ని వేరే పాస్‌లో తీసేసి, ఫినిషింగ్‌కు గోడ మీదా మూలలోనూ ఒకే మందం మిగిల్చాలి.

ఇక్కడ డ్రాయింగు గీసేవారితో కూడా నాకొక మాట ఉంది. 5 మిల్లీమీటర్ల మూల రేడియస్ అని గీసినప్పుడు, 10 మిల్లీమీటర్ల టూలు వాడుకుంటారులే అనే సదుద్దేశంతోనే గీస్తారని నాకు తెలుసు. ఆ ఉద్దేశమే మాకు కష్టం తెస్తోంది. అదే మూలను 6 మిల్లీమీటర్లు చేస్తే ఆ 10 మిల్లీమీటర్ల టూలు మూలలో ఆగకుండా తిరగగలదు, ఇంకా పెంచగలిగితే ఇంకా మేలు. అతకవలసిన మరో భాగం ఆ మూలలో కూర్చోకపోతే, ఆ ఒక్క మిల్లీమీటరు వల్ల ఆ భాగానికి నష్టం ఉండదు. ఒక కస్టమర్ దగ్గరికి నేనే వెళ్ళి, విరిగిన టూలునూ చాటర్ గీతలున్న ముక్కనూ బల్ల మీద పెట్టి అడిగితే, డిజైన్ చూసే ఇంజనీరు పది నిమిషాల్లో ఒప్పుకున్నాడు. ఇంతకు ముందు ఎవరూ అడగలేదని అన్నాడు. మనం అడగవలసినది అడగకుండా టూళ్ళు కొనుక్కుంటున్నామని ఆ రోజు నాకు అనిపించింది.

బాలానగర్ 1968లో మొదలైన సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్ ఉన్న చోటు. అక్కడ చదివినవారు, పాలిటెక్నిక్ నుంచి వచ్చినవారు, ఏ చదువూ లేకుండా డ్రిల్లింగ్ మెషిన్ దగ్గర మొదలుపెట్టి ప్రోగ్రామింగ్ వరకు ఎదిగినవారు మా వీధుల్లో కలిసి పనిచేస్తారు. కొత్తగా చేరినవారికి నేను మొదట సాఫ్ట్‌వేర్ తెరవనివ్వను. కాగితం మీద 10 రూపాయల నాణెం పెట్టి చుట్టూ గీయిస్తాను, దాన్ని గోడ అని గీసిన గీత వెంట జరిపించి మూలకు తెప్పిస్తాను, ప్రతి చోటా నాణెం అంచులో లోహాన్ని తాకే భాగాన్ని ఎర్ర పెన్సిలుతో దిద్దిస్తాను. మూలకు చేరేసరికి ఎర్ర గీత ఒక్కసారిగా పొడుగవుతుంది. ఆ గీత చూసిన తరువాత మూలలో ఫీడు ఎందుకు తగ్గించాలని ఏ పిల్లవాడూ నన్ను అడగలేదు, ఎంత తగ్గించాలని మాత్రమే అడిగారు.

ఆ పాకెట్ ప్రోగ్రాము ఇప్పుడు కొత్త మెషిన్ మీద నడుస్తోంది. ప్రతి మూలకు 2 మిల్లీమీటర్ల ముందు బ్లాకును (ప్రోగ్రాములో ఒక వరుస) విడగొట్టి ఎఫ్600 రాశాము, మూల దాటిన బ్లాకులో మళ్ళీ ఎఫ్2000. ప్రోగ్రాము తలలో ఒక వ్యాఖ్య రాసి పెట్టాము: మూలలకు ఫీడు లెక్క వేసి ఇచ్చాము, నాబు 100 మీదే ఉంచండి, అరుపు వినిపిస్తే నాబు తిప్పి ఊరుకోకుండా ప్రోగ్రామరును పిలవండి. రెండు టూళ్ళు విరిగిన రోజున మెషిన్ దగ్గర ఉన్న కుర్రవాడే ఆ వ్యాఖ్యను కీబోర్డు మీద కొట్టాడు. పోయిన నెల నన్ను పిలిచాడు. నేను మరిచిపోయిన ఒక మూల ఉంది, పాకెట్ మధ్యలో టూలు మొదటి చుట్టు మొదలుపెట్టేచోట. అక్కడ అన్ని వైపులా లోహమే, ఎంగేజ్‌మెంట్ పూర్తి 180 డిగ్రీలు. ఇప్పుడు దానికి వేరే ఫీడు రాస్తున్నాము.